ఏడో ఈల

వెర్లీన్ బెటన్‌కోర్ట్ నోటికి ఆ తీరం పొడవునా సాటి వచ్చేది సముద్రం ఒక్కటే. అది కూడా పన్నెండు గంటలకోసారి వెనక్కి తగ్గుతుంది. వెర్లీన్ తగ్గదు.

అరవయ్యొకటో ఏడు నడుస్తోంది. గుప్పెడంత మనిషి. రెడ్‌వుడ్ అనే ఎర్రమాకుల పార్కు గుమ్మంలో సందర్శకుల కేంద్రం ఉంది. అందులో పుస్తకాలూ, దారి పటాలూ, బొచ్చు ఎలుగుబంట్లూ అమ్మే బల్ల వెనకాల తొమ్మిదేళ్ళుగా ఆమే. ఆ దుకాణం సర్కారుది కాదు. ‘ఎర్రమాకుల నేస్తాలు’ అని చుట్టుపక్కల వాళ్ళు పెట్టుకున్న సంఘం ఉంది, లాభం అనే మాట వింటేనే తుమ్ములొచ్చే సంఘం, దానిది. ఇక్కడ ఒక ఎలుగుబంటి అమ్ముడైతే కొండల అవతల ఏదో బళ్ళో ఒక పిల్లకి బస్సులో చోటు దొరుకుతుంది. పిల్లలు తొడుక్కునే రబ్బరు బూట్లు, చేతికిచ్చే బొమ్మల పుస్తకం, వాళ్ళని వెంటబెట్టుకుని అడవి చూపించే మరిసేల జీతం, అన్నీ ఆ ఎలుగుల పుణ్యమే. పార్కుకి చెట్లున్నాయి. చెట్ల గురించి చెప్పే నోళ్ళు లేవు. నోళ్ళు సంఘం ఇస్తుంది. అందులో అన్నిటికన్నా పెద్ద నోరు వెర్లీన్‌ది.

“ఎంత ఎత్తుంటాయండీ ఈ చెట్లు?” అని ఎవరైనా అడిగారా, అయిపోయారే.

“మా తాత వయసులో ఉన్నప్పుడు ఒకదాన్ని కొట్టాడు నాయనా. మొదలు పడింది. ఓ వారానికి నడుం పడింది. కొన మాత్రం ఇంకా పడలేదు, దార్లో ఉంది. నువ్వు గొడుగు తెచ్చుకున్నావా?”

ఆ చెట్ల కింద దారి గురించి ఆమె చెబుతుంటే కళ్ళకి కట్టేది. మొదటి మలుపులో ముసలాయన మొహంలాంటి బుడిపె. రెండో మలుపులో పన్నెండు మంది పట్టే కాలిన తొర్ర. ఆఖర్న పెద్దమాను, చుట్టూ చేతులు కలపాలంటే ఊరంతా కావాలి. వినడం వెళ్ళడం, వెళ్ళొచ్చి ఆమెకి మళ్ళీ చెప్పడం జనానికి అలవాటైపోయింది.

అలా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిందే ఆమె తర్వాత వచ్చినవాళ్ళకి చెప్పేది. ఎందుకంటే, ఇది ఎవరికీ తెలీదు, వెర్లీన్ ఆ చెట్ల కింద ఒక్క అడుగు కూడా వేసి ఎరగదు.

తొమ్మిదేళ్ళలో ఒక్కనాడు కూడా. కార్లు ఆపే చోటు వెనకాల చిన్న చెక్క వంతెన ఉంది. అది దాటితే అడవి. ఆమె వంతెన మొదట్లో ఊడ్చి, చీపురు భుజాన వేసుకుని వెనక్కి వచ్చేసేది. కారు మాత్రం అందరిలా గుమ్మం దగ్గర ఆపదు. ఆ చివర, రోడ్డు పక్కన, బోసి ఆకాశం కింద ఆపుతుంది. చెట్టు ఎంత పొడుగో దానికి రెండింతల దూరంలో నిలబడాలి అనేది కలపకొట్టేవాళ్ళ ఇళ్ళల్లో ఉగ్గుపాలతో పోసే పాఠం. ఆమె ఆ దూరం అడుగులతో కొలిచి మరీ ఉద్యోగంలో చేరింది.

ఆ తీరంలో కలపకొట్టేవాళ్ళ మాట ఒకటుంది. గాలికి విరిగి, కింద పడకుండా, పైన ఎక్కడో చిక్కుకుని వేలాడే కొమ్మకి వాళ్ళు పెట్టిన పేరు మన నోట్లో పడితే ‘తాళితెంపు’ అవుతుంది. అక్కడ తాళి కట్టరనుకోండి, తెగడం మాత్రం తెగుతుంది. గాలి వీచేటప్పుడు పడదది. గాలి ఆగాక, అంతా సద్దుమణిగాక, మనిషి హమ్మయ్య అని టోపీ తీసి నుదురు తుడుచుకునేటప్పుడు పడుతుంది. ఆ మాట ఆడవాళ్ళ ముందు ఎవరూ అనరు. అనకపోయినా ప్రతి ఆడదానికీ తెలుసు.

కొండ మీద దుంగలు లాగే యంత్రానికి ఒక కూత ఉండేది. ఒక కూతకి ఆగు, రెండిటికి లాగు. ఏడు పొడుగు కూతలు కూసిందంటే మనిషి పడ్డాడని. ఇరవైరెండేళ్ళ కిందట, రాత్రంతా గాలి కొట్టి తెల్లారి ఆకు కూడా కదలని ఒక రోజున, ఆ యంత్రం ఏడు కూసింది. వీధిలో ఆడవాళ్ళందరూ వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. అందరి మనసులోనూ ఒకటే మొక్కు: పక్కింటాయన కావాలి తండ్రీ. వెర్లీన్ కూడా అదే మొక్కింది. పక్కింటావిడా అదే మొక్కి ఉంటుంది. ఆవిడ మొక్కు చెల్లింది.

వెర్లీన్ లోపలికెళ్ళి గడియ పెట్టేసి రొట్టె పిండి పిసకడం మొదలెట్టింది. తలుపు బాదారు. తియ్యలేదు. “వెర్లీన్! ప్రాణం ఉంది! నీ పేరే పిలుస్తున్నాడు, రా!” అని కిటికీ దగ్గర అరిచారు. ఆమె పిసుకుతూనే ఉంది. చూడనంతసేపూ మొగుడు హార్లన్‌కి ఏమీ కానట్టేనని ఆమె లెక్క. పిండి రాయయ్యేదాకా పిసికింది. తలుపు తీసేసరికి పిలిచే మనిషి లేడు.

ఈ సంగతి ఆమె ఏ కథలోనూ కలపలేదు. అంత నోరుండీ.

ఒక మే నెల ఉదయం ఆమె దుకాణానికి వచ్చేసరికి మరిసేల లోపల నిలబడి ఉంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, దక్షిణాన ద్రాక్షతోటల వైపు నుంచి వచ్చింది. పసుపు వానకోటు, మెళ్ళో ఈల, కళ్ళు మాత్రం ఎర్రగా.

“దోన్యా వెర్లీన్...” అంది. పెద్దవాళ్ళని అలాగే పిలుస్తుంది, వాళ్ళ అమ్మ నేర్పిన మర్యాద. ఆ మాట కూడా తుప్పుపట్టిన కీలు కిర్రుమన్నట్టు వచ్చింది.

“గొంతెక్కడ పారేసుకున్నావే పిల్లా? రాత్రి ఎవడికైనా పాట పాడావా?”

“జలుబు. పొద్దున లేచేసరికి లేదు.” గుసగుసలాడింది. “ఇరవైఎనిమిది మంది పిల్లలు వస్తున్నారు. ముందు నడిచి చెప్పేవాళ్ళు ఒకరుండాలి, వెనక లెక్కచూసేవాళ్ళు ఒకరుండాలి. వెనక నేనుంటా. ముందు మీరు.”

వెర్లీన్ చేతిలోని బొచ్చు ఎలుగుబంటి జారి నేల మీద పడింది.

“రేంజర్లు లేరూ?”

“ఇద్దరూ రోడ్డు మీద చరియ పడిన చోటికి వెళ్ళారు. తెల్లారగట్టే దారంతా చూసి, బాగుందని తెరిచే వెళ్ళారు.”

“పోనీ రద్దు చెయ్యవే.”

“రెండుసార్లయింది రద్దు. సెప్టెంబర్లో కార్చిచ్చు పొగ. జనవరిలో రోడ్డు కొట్టుకుపోయింది. మన బస్సు నాలుగో తరగతికే కదా. వచ్చే నెల బడి మూస్తే వీళ్ళు ఐదులోకి పోతారు. ఇంక రారు.” మరిసేల ఆమె చెయ్యి పట్టుకుంది. “మీకన్నా ఆ దారి తెలిసినవాళ్ళు ఎవరున్నారు దోన్యా?”

గొప్పలు చెప్పుకోవడంలో ఉన్న చిక్కే ఇది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు నమ్మేస్తారు.

వెర్లీన్ నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. ఆ గదిలో గొంతు పోయినవాళ్ళు అప్పుడు ఇద్దరు.

కిటికీలోంచి బయటికి చూసింది. రాత్రంతా గాలి కొట్టింది. ఇప్పుడు ఆకు కదలడం లేదు. పొగమంచు మాకుల నడుముల దాకా దిగి నిలబడిపోయింది. పైన ఏముందో కనపడదు.

బస్సు వచ్చేసింది.

ఆమె కారు దగ్గరికెళ్ళి డిక్కీ తెరిచి, పాత దుప్పటి మడతల్లోంచి ఒక రేకు టోపీ తీసింది. హార్లన్‌ది. కుడి పక్కన అరచెయ్యంత సొట్ట. అది పెట్టుకుని వచ్చేసరికి పిల్లలు ఒకటే నవ్వు.

“ఆవిడ గిన్నె బోర్లించుకుంది!”

“ఇది గిన్నె కాదమ్మా. మా ఆయన కిరీటం,” అంది వెర్లీన్.

మరిసేల పిల్లల్ని నలుగురేసి ఏడు జట్లు చేసింది. కుడిచేతులు ఎత్తించింది. వెర్లీన్ చెప్పగా అందరూ ఒట్టు పెట్టారు: నేను తినేదాంట్లో నలుసు కూడా అడవిలో రాలనివ్వను. నలుసు రాలితే నీలిపిట్టలు వస్తాయి. నీలిపిట్టలు కాకికి మేనత్త కొడుకులు, వచ్చినవి ఊరికే పోవు, పైకెక్కి వెతుకుతాయి. పైన, ఈ చెట్ల కొమ్మల మీద, సముద్రపు పిట్ట ఏడాది మొత్తానికి పెట్టే ఒకే ఒక్క గుడ్డు ఉంటుంది. ఒక బిస్కెట్ ముక్కకి ఒక వంశం. పిల్లలు ఊపిరి బిగపట్టి జేబులు సర్దుకున్నారు. మరిసేల వెర్లీన్ చేతిలో అట్టముక్కల కట్ట పెట్టింది, ఏ చోట ఏం చెప్పాలో రాసి. పైముక్క మీద ‘ఎలాగూ మీకు తెలుసనుకోండి’ అని రాసి నవ్వు మొహం గీసింది.

వంతెన పదహారు పలకలు. ఊడ్చిన మనిషికి లెక్క తెలుసు. పన్నెండో పలక మీద వెర్లీన్ కాళ్ళు ఆగిపోయాయి.

“ఏమైంది మిస్ వెర్లీన్?” ముందు జట్టులో పిల్ల, రెండు జడలు, పేరు జూనిపర్. ఆ కొండల్లో తల్లిదండ్రులకి పిల్లల పేర్లు దొరక్క చెట్ల పేర్లు పెట్టేస్తుంటారు.

“అడవిని అడుగుతున్నా, రావచ్చా అని.”

“ఏమంది?”

“ఆలోచించుకుంటానంది,” అని వెర్లీన్ కళ్ళు మూసుకుని నాలుగు పలకలూ దాటేసింది.

లోపలికెళ్ళగానే చప్పుడు చచ్చిపోయింది. ఇదివరకెవరూ ఆమెకి ఈ సంగతి చెప్పలేదు. వెళ్ళొచ్చినవాళ్ళందరూ ఎత్తు గురించి చెప్పారు, లావు గురించి చెప్పారు, ఈ నిశ్శబ్దం గురించి చెప్పలేదు. ఇరవైఎనిమిది జతల బూట్లు నడుస్తున్నా దూదిమీద నడిచినట్టుంది. మంచు చుక్కలు పైనెక్కడో కూడి, ఎప్పుడో ఒకటి, ఆకు మీద టప్పుమంటోంది. టప్పుమన్నప్పుడల్లా ఆమె మెడ భుజాల్లోకి పోతోంది. పైకి చూస్తుంది, కనపడదు. కనపడకపోతే మరీ భయం, మళ్ళీ చూస్తుంది.

“మిస్ వెర్లీన్,” అంది జూనిపర్, “ముసలాయన మొహం కుడివైపు ఉంటుందన్నారు, బస్సు దిగినప్పుడు. ఎడమవైపు ఉందిగా?”

“నువ్వు వెనక్కి నడిచి చూడు, కుడివైపే ఉంటుంది.”

“పన్నెండు మంది పట్టే తొర్రన్నారు. మేం ఐదుగురమే పట్టాం.”

“మీరు మంచి తిండి తిన్నారు, అదీ సంగతి.”

నోరు తన పని తాను చేసుకుపోతోంది, కోడి తల తెగాక కూడా కాళ్ళు పరిగెత్తినట్టు. లోపల గుండె మాత్రం పిండి పిసుకుతోంది. ఇంకో మలుపు. ఇంకో మాను. ఎర్రటి బెరడు, ఏనుగు కాలిలా ముడతలు ముడతలుగా. పైన ఏదో నల్లగా అడ్డంగా ఉన్నట్టుంది. కొమ్మా? మంచులో నీడా?

టంగ్!

టోపీ మీద పడింది. వెర్లీన్ చచ్చిపోయాననుకుంది. నిజంగానే అనుకుంది. మోకాళ్ళ మీద కూలబడి, ‘ఇంతేనా, నొప్పి లేదే’ అని కూడా అనుకుంది. కళ్ళు తెరిస్తే పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. జూనిపర్ వంగి దాన్ని ఏరి ఇచ్చింది. కాయ. ఎర్రమాను కాయ, పెద్ద రేగ్గాయంత. లోకంలోకెల్లా ఎత్తయిన చెట్టు కాసేది ఇంతే. ఆ సంగతి తొమ్మిదేళ్ళుగా వెర్లీన్ కూడా చెప్పి నవ్విస్తోంది. ఇవాళ నవ్వు రాలేదు.

“ఇది మీ తాతగారు కొట్టిన చెట్టుదా?” అంది జూనిపర్. ఆ పిల్ల నవ్వడం లేదు. పైకి చూస్తోంది. “దాని కొన ఇంకా పడలేదన్నారు కదా. ఇవాళ పడుతుందా?”

“పడదులే తల్లీ.”

“ఎలా తెలుసు?”

వెర్లీన్ కాయని జేబులో వేసుకుని లేచింది. పిల్ల వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది, అడక్కుండా.

ఆఖరి అట్టముక్క పెద్దమాను ముందర. ‘దారి పొడవునా జట్లు జట్లుగా కూర్చోబెట్టండి. పిలుపు వచ్చేదాకా మౌనం. మీరు టీచరుతో పెద్దమాను దగ్గరికెళ్ళి నిలబడండి.’ అంతే ఉంది. పిలుపంటే ఏమిటో లేదు. మామూలు రోజుల్లో మరిసేల వెనకనించి జట్టు జట్టునీ పేరెట్టి కేకేస్తుంది, కేక విన్న జట్టు లేచి ముందుకి వస్తుంది. దారి తెలిసినవాళ్ళందరికీ అది తెలుసు. వెర్లీన్‌కి తెలీదు. అడిగితే గుట్టు బయటపడుతుంది. అడగలేదు.

“వినండర్రా,” అంది. “ఈ మౌనంలో ఎవరు నోరు విప్పితే వాళ్ళ మాట చెట్టు మింగేస్తుంది. తిరిగివ్వడానికి దానికి వందేళ్ళు పడుతుంది. మరిసేల టీచరు గొంతు ఎక్కడికి పోయిందనుకున్నారు?”

పిల్లలందరూ వెనక్కి తిరిగి మరిసేలని చూశారు. మరిసేల అయోమయంగా చెయ్యి ఊపింది. ఇరవైఎనిమిది నోళ్ళు ఒక్కసారి మూతపడ్డాయి. ఏ టీచరూ ఏనాడూ సాధించలేనిది అది.

జట్లు దారి వెంబడి నలుగురేసి కూర్చున్నాయి. మంచు కమ్మింది. వెర్లీన్, బడి టీచరు మిసెస్ వాంగ్, ఇద్దరూ పెద్దమాను దగ్గర నిలబడ్డారు. నిమిషం. రెండు నిమిషాలు. నీళ్ళ చుక్క కూడా పడటం లేదు. గాలి లేదు. ఇలాంటి గాలిలేనితనమే అది. సరిగ్గా ఇలాంటిదే.

అప్పుడు మంచులోంచి ఒక పొడుగాటి ఈల వినిపించింది.

వెర్లీన్ ఉలిక్కిపడింది. కాసేపటికి మంచు చీల్చుకుని నలుగురు పిల్లలు వచ్చారు. మాట లేదు, నవ్వు లేదు, తలలు వంచుకుని, ఇద్దరిద్దరు చొప్పున. వచ్చి మాను దగ్గర నిలబడ్డారు. అందులో జూనిపర్ ఒకతి.

రెండో ఈల. మళ్ళీ నలుగురు.

మూడోది. నలుగురు. నలుగురు నలుగురు చొప్పున అలా మాటాపలుకూ లేకుండా ఎప్పుడు నడిచి వస్తారో వెర్లీన్‌కి తెలుసు. ఆ రోజు కొండ మీంచి హార్లన్‌ని దింపింది కూడా నలుగురే.

నాలుగో ఈల. వద్దనుకుంటూనే ఆమె వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. ఐదు. ఒక్కో ఈలా అంతే పొడుగు, మధ్యలో అంతే ఖాళీ. ఆడుకునే పిల్లలు ఊదినట్టు లేదు. తెలిసి ఊదుతున్నట్టుంది. ఆరు. ఇంక చాలు తండ్రీ. ఆరు దగ్గర ఆపు. ఆరు దగ్గర ఆగితే నీకు బతికినన్నాళ్ళూ...

ఏడు.

“మానుకి అతుక్కోండి!” ఆ అరుపు వెర్లీన్ గొంతులోంచి వచ్చింది గానీ వెర్లీన్‌ది కాదు, హార్లన్‌ది. “పరిగెత్తొద్దు! బయటికి పోవద్దు! మానుకి అతుక్కోండి, వీపులు బయటికి, తలలు లోపలికి!”

ఇరవైనలుగురు పిల్లలు, వాళ్ళ టీచరు, వచ్చి ఆ బెరడుకి కరుచుకుపోయారు. వెర్లీన్ తన రేకు టోపీ తీసి పక్కనున్న నెత్తిన పెట్టింది. జూనిపర్ నెత్తి. ఆ పిల్ల కళ్ళు ఇంతింతలయ్యాయి.

“వచ్చేసిందా? తాతగారి కొన?”

వెర్లీన్ ఆ ప్రశ్నకి ఆగలేదు. వెనక నలుగురు పిల్లలున్నారు. మరిసేల ఉంది. ఏడు ఊదారంటే ఎవరో పడ్డారు. కాళ్ళు అక్కడే ఉండిపోదామన్నాయి. మాను లావుగా ఉంది, పక్కన చోటుంది, మొహం బెరడులో దాచుకుంటే ఏదీ కనపడదు, కనపడనంతసేపూ ఎవరికీ ఏమీ కానట్టే.

ఆమె పరిగెత్తింది. మంచులోకి, ఈల వినిపించిన వైపు. బోసి తలతో. ఆ దారి పొడవునా ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

మలుపు దగ్గర నలుగురు పిల్లలు ఎదురొచ్చారు. ఏడో జట్టు. ఇద్దరి భుజాలు పట్టుకుని కుదిపింది. “ఎవరు పడ్డారు? మరిసేలేనా? చెప్పండర్రా!”

నలుగురూ ఆమె మొహంలోకి చూశారు. నలుగురూ పెదాల మీద వేలు పెట్టుకున్నారు. ఒక పిల్లాడు తల అడ్డంగా ఊపి, చెట్టు వైపు చూపించి, గొంతు పట్టుకున్నాడు.

తను చెప్పిన కోతే తన కాళ్ళకి చుట్టుకుందని తోచే స్థితిలో లేదామె. గొంతు మీద చెట్టు పడిందని అర్థం చేసుకుంది. పరిగెత్తింది.

పసుపు వానకోటు. దారి మధ్యలో. నేల మీద ముడుచుకుని, నుదురు మట్టికి ఆనుతూ, కదలకుండా.

“మరిసేలా!” అంది. ఆమె మోకాళ్ళు ఎప్పుడు నేలకి తగిలాయో, చేతులు ఎప్పుడు ఆ కోటు పట్టుకున్నాయో తెలీదు. “వచ్చాను తల్లీ, వచ్చాను, ఇదిగో వచ్చాను, ఇక్కడే ఉన్నా...”

పసుపు కోటు లేచి కూర్చుంది. ఒక అరచేతిలో బిస్కెట్ పొడి. రెండో చేతి వేళ్ళ మధ్య ఇంకో నలుసు.

“ఏడో జట్టు వాళ్ళు రాల్చారు,” అని గుసగుసలాడింది మరిసేల. “పిట్టలు వస్తాయని ఏరుతున్నా. ఏమైంది దోన్యా? ఎందుకేడుస్తున్నారు?”

వెర్లీన్ ఆ పిల్ల తల, మెడ, భుజాలు, వేళ్ళు, ఒక్కోటీ తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు భుజం మీద ఒక్కటిచ్చింది.

“ఎవరు నేర్పారే నీకు ఏడు ఊదడం?”

“ఏడు జట్లు కదా. గొంతు లేదు కదా. జట్టుకో ఈల ఊదా.” మరిసేల ఆమె మొహం చూసి ఆగింది. “మీకు తెలుసుగా, రోజూ పిలిచేదే.”

“నాకు తెలీదు,” అంది వెర్లీన్. “నాకేమీ తెలీదు. ఆ వంతెన నేను ఇవాళే దాటాను.”

పొడి పడిపోకుండా మరిసేల గుప్పిట మూసింది. వెర్లీనే చెప్పింది, ఆ మట్టిలో కూర్చుని, యంత్రం, కూత, పిండి, కిటికీ దగ్గర అరుపు, పక్కింటావిడ మొక్కు, అన్నీ. పెంచకుండా, తుంచకుండా చెప్పిన కథ ఆమె జన్మలో అదొక్కటే. అందుకేనేమో చాలా చిన్నగా వచ్చింది. చెప్పడం అయిపోయినా భయం అయిపోలేదు. పైన మంచు అలాగే ఉంది, అందులో ఏముందో ఇప్పటికీ కనపడదు.

“పిల్లలు మాను పట్టుకుని ఉన్నారు,” అంది చివరికి. “పద, పొద్దుపోతే బెరడుకి అంటు కట్టుకుపోతారు.”

ఇద్దరూ వెళ్ళేసరికి ఇరవైఎనిమిది మందీ అతుక్కునే ఉన్నారు. ఏడో జట్టు కూడా ఎందుకో తెలీకుండానే వచ్చి అతుక్కుంది. ఒక్కరూ కిక్కురుమనలేదు. మిసెస్ వాంగ్ చెంప మీద బెరడు అచ్చు పడింది. రేకు టోపీ కిందనుంచి జూనిపర్ ఒక కన్ను తెరిచింది.

“పడిందా?”

అడవంతా ఆ జవాబు కోసమే ఆగినట్టుంది. వెర్లీన్ తల పైకెత్తి చూసింది, చాలాసేపు.

“లేదమ్మా. ఇంకా దార్లోనే ఉంది.”

“మరి మనం?”

“మనం మిగిలిన దారి నడుద్దాం. చెయ్యి పట్టుకో.”

“భయమేస్తోందా మిస్ వెర్లీన్?”

“బోలెడు.”

“నాక్కూడా,” అని జూనిపర్ టోపీ సర్దుకుంది. తిరిగి ఇవ్వలేదు. వంతెన దాటేదాకా అది ఆ పిల్ల నెత్తినే ఉంది. వెర్లీన్ బోసి తలతో పదహారు పలకలూ దాటింది, కళ్ళు తెరుచుకుని.

తర్వాత వారం బడి నుంచి సంఘానికి ఉత్తరాల కట్ట వచ్చింది. అడవిలో మీకు బాగా నచ్చిందేమిటని టీచరు రాయమన్నట్టుంది. ఇరవైఏడు మంది చెట్టుని పట్టుకోవడం అని రాశారు. ఒక పిల్లాడు మాత్రం బిస్కెట్ రాల్చింది తనేనని, సముద్రపు పిట్టకి క్షమాపణ చెప్పమని రాశాడు.

వెర్లీన్ ఇప్పుడు వారంలో రెండు రోజులు ముందు నడుస్తోంది. భయం పోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి, వెర్లీన్ చెప్పినా నమ్మకండి. గాలి ఆగిన మర్నాడు ఆమె మొహం సున్నం కొట్టినట్టుంటుంది. కారు ఇప్పటికీ రోడ్డు పక్కనే.

మరిసేల గొంతు తిరిగొచ్చింది. అయినా పిల్లలకి ఈల పిలుపే నచ్చింది, అదే ఉండిపోయింది. సంఘంలో కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేటప్పుడు ఒక్క నియమం గట్టిగా చెబుతారు. మొదటి ఆరు జట్లకీ ఈల ఊదాలి. ఏడో జట్టుకి ఊదకూడదు, చప్పట్లు కొట్టాలి. ఎందుకూ అని వాళ్ళు వెర్లీన్‌ని అడుగుతారు. ఆమె ఒకడికి ఏడో ఈలకి ఎలుగుబంట్లు భోజనానికి పిలిచారనుకుని వస్తాయని చెప్పింది. ఒకమ్మాయికి, తాత కొట్టిన చెట్టు కొనకి ఆ ఈల ఆనవాలని చెప్పింది. వాళ్ళు మరిసేలని అడుగుతారు. మరిసేల, దోన్యా చెప్పిందే నిజం అంటుంది.

పెద్దమాను దగ్గర వెర్లీన్ నిలబడి ఉంటుంది. ఆరో ఈల అవుతుంది, నలుగురు వస్తారు. ఆ తర్వాత ఖాళీలో ఆమె ఊపిరి ఆపేసి, అరచెయ్యి బెరడుకి ఆనించి, మంచులోకి చూస్తూ ఉంటుంది.

అప్పుడు అవతలనించి రెండు చేతుల చప్పట్లు వినిపిస్తాయి.